చలికాలం, బుజ్జాయిల బట్టలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు ఈ చలిలో ఏం వెయ్యాలి, ఎన్ని వెయ్యాలి అని అడుగుతూ హైదరాబాద్ నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం. రాసినవారి పేర్లు వెయ్యకుండా ప్రాంతం పేరు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మా బాబుకు రెండున్నరేళ్లు. పొద్దున ఎనిమిదిన్నరకు ప్లేస్కూల్‌లో దింపుతాను. బనియన్, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, పైన మందపాటి స్వెట్టర్, మంకీ క్యాప్ వేసి పంపుతున్నా. పన్నెండున్నరకు ఇంటికి తెచ్చేసరికి వీపంతా తడిసి ఉంటోంది. జలుబు వదలట్లేదు. ఇంకో స్వెట్టర్ వెయ్యాలా?
— కొండాపూర్

జవాబు: ఇంకోటి వద్దండి. ఉన్న స్వెట్టర్‌నే వేళకు తీసే ఏర్పాటు చెయ్యాలి.

హైదరాబాద్ చలి రోజంతా ఉండేది కాదు. డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుజామున 13 నుంచి 15 డిగ్రీలు ఉంటే, అదే రోజు మధ్యాహ్నం 28, 29 డిగ్రీలకు వెళ్తుంది. చలిగాలులు వీచే రోజుల్లో పటాన్‌చెరు, రాజేంద్రనగర్, సెంట్రల్ యూనివర్సిటీ వైపు కనిష్ఠం 10 లోపుకు పడిపోయినా, మధ్యాహ్నం ఎండ మాత్రం ఎండలాగే కాస్తుంది. పొద్దున ఏడింటి చలికి వేసిన బట్టలు పన్నెండింటి దాకా ఒంటి మీదే ఉంటే ఏ పిల్లాడికైనా చెమట పడుతుంది. పైగా ఆ వయసు పిల్లలు ఒక్క చోట కూర్చోరు. పరుగెత్తే ఒళ్లు తన వేడిని తనే పుట్టించుకుంటుంది.

చెమటతో ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, బట్టల మధ్య ఇరుక్కున్న పొడి గాలే మనల్ని వెచ్చగా ఉంచుతుంది. బట్ట తడిస్తే ఆ గాలి ఉన్న చోటికి నీళ్లు చేరతాయి. నీళ్లు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. తడిసిన బనియన్ మీద స్వెట్టర్ ఉన్నంతసేపూ తెలియదు, అది తీసి ఫ్యాన్ కింద కూర్చోబెట్టగానే పిల్లాడు గజగజలాడతాడు. ఇక జలుబు చలి వల్ల పుట్టేది కాదు, వైరస్‌ల వల్ల వస్తుంది. ప్లేస్కూల్‌లో ఒకరి నుంచి ఒకరికి అంటుతూనే ఉంటుంది. దానికి స్వెట్టర్ మందు కాదు, చేతులు కడిగించడం మందు.

ఇలా వెయ్యండి. లోపల పల్చటి కాటన్ బనియన్, దాన్ని లాగులోకి దోపాలి. దాని మీద ఫుల్ హ్యాండ్స్ టీషర్టు. పైన ముందు వైపు జిప్పు లేదా గుండీలు ఉన్న పల్చటి స్వెట్టర్. ఒకే మందపాటి స్వెట్టర్ వేస్తే ఉంచినా కష్టమే, తీసినా కష్టమే. మూడు పల్చటివైతే వేళను బట్టి ఒక్కొక్కటీ తియ్యొచ్చు. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు మూడూ ఉండాలి, తలకు టోపీ ఉండాలి. తరగతిలోకి వెళ్లగానే టోపీ తీసెయ్యాలి. పదింటికి స్వెట్టర్ కూడా పోవాలి. తిరిగొచ్చేటప్పుడు బనియన్, టీషర్టు చాలు. మళ్లీ సాయంత్రం ఐదున్నర తర్వాతే స్వెట్టర్ పని.

స్కూల్లో ఆయమ్మకు నోటిమాటగా చెప్తే ఇరవై మంది పిల్లల్లో గుర్తుండదు. "పది గంటలకు స్వెట్టర్ తీసి సంచిలో పెట్టండి" అని చీటీ రాసి బ్యాగు మూత లోపలి వైపు అంటించండి. స్వెట్టర్ మెడ పట్టీ మీద మార్కర్‌తో పేరు రాయండి. ఒక పొడి బనియన్ గుడ్డసంచిలో పెట్టి పంపండి. ఎప్పుడైనా తడిసి వస్తే ముందు ఆ బనియన్ విప్పి, వీపు పొడి తువ్వాలుతో ఒత్తి తుడిచి, పొడిది వెయ్యండి. ఆ తర్వాతే ఫ్యాన్, ఆ తర్వాతే అన్నం.

ప్రశ్న: మనవరాలికి పద్నాలుగు నెలలు. ఎప్పుడు పట్టుకున్నా చేతులు, కాళ్లు చల్లగా తగులుతాయి. నేను రెండు స్వెట్టర్లు వెయ్యమంటే కోడలు ఒద్దంటుంది. మా వైపు చలి బాగా ఉంటుంది. ఎవరి మాట సరైంది?
— అల్వాల్

జవాబు: పాప మీద మీకున్న ఆరాటం అర్థమవుతోందమ్మా. ఈ విషయంలో మాత్రం కోడలి మాట వినండి. చలి తగలగానే ఒళ్లు తన వేడిని గుండె, ఊపిరితిత్తుల చుట్టూ దాచుకుని అరచేతులకు, పాదాలకు రక్తం తగ్గిస్తుంది. అందుకే ఒళ్లు సుఖంగా ఉన్న పిల్లల చేతులు కూడా చల్లగా తగులుతాయి. చేతులు చూసి బట్టలు వేస్తే ప్రతిసారీ ఎక్కువే వేస్తాం.

చూడాల్సింది మెడ వెనక. ముందు మీ చేతులు రుద్దుకుని వెచ్చబరచుకోండి, చల్లటి వేళ్లకు ఏదైనా వేడిగానే తోస్తుంది. రెండు వేళ్లు మెడ వెనక నుంచి చొక్కా కిందికి, రెండు భుజాల మధ్య వరకు పోనివ్వండి. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే పాప హాయిగా ఉన్నట్టే, చేతులు చల్లగా ఉన్నా సరే. చెమ్మ తగిలితే ఒక పొర తియ్యండి. చల్లగా ఉంటే ఒక పొర వెయ్యండి. వేసిన పావుగంటకు మళ్లీ చూడండి. ఇంతకు మించిన కొలత ఇంట్లో అక్కర్లేదు.

ఎత్తుకుని తిరిగే పిల్లకు, బండిలో కూర్చోబెట్టిన పిల్లకు మీరు వేసుకున్న దాని కంటే ఒక పొర ఎక్కువ వెయ్యండి. నడుస్తూ పరుగెత్తే పిల్లకు మీకెన్నో అన్నే. ఇక్కడ ఒక జాగ్రత్త, పెద్దవయసులో చలి ఎక్కువగా అనిపిస్తుంది. మీరు శాలువా కప్పుకున్నారు కదా అని ఆ లెక్కన పాపకు వెయ్యకండి, ఇంట్లో చిన్నవాళ్లు ఏం వేసుకున్నారో చూడండి.

పాదాలకు ఒక జత కాటన్ సాక్సులు చాలు. రెండు జతలు వేసి బూట్లు తొడిగితే వేళ్లు నొక్కుకుపోయి రక్తం సరిగ్గా ఆడక ఇంకా చల్లబడతాయి. గచ్చు మీద సాక్సులతో నడిస్తే జారి పడతారు, అడుగున రబ్బరు చుక్కలున్నవి కొనండి.

ప్రశ్న: చెవుల్లోకి గాలి దూరి చెవిపోటు వస్తుందని మా అత్తమ్మ ఇరవై నాలుగ్గంటలూ మంకీ క్యాప్ తీయనివ్వడం లేదు.
— ఎల్బీనగర్

జవాబు: పిల్లల చెవిపోటు సాధారణంగా బయటి గాలి వల్ల రాదు. జలుబు చేసినప్పుడు ముక్కు వెనక నుంచి మధ్యచెవికి పోయే సన్నటి గొట్టం మూసుకుపోయి, అక్కడ నీరు చేరి వస్తుంది. అయినా బయటికి వెళ్లేటప్పుడు టోపీ మంచిదే. ఏడాది పిల్లల ఒంటి వైశాల్యంలో తల వంతు 17 శాతం దాకా ఉంటుంది, పెద్దవాళ్లలో అది 7 శాతమే. కాబట్టి చలిలో తల కప్పితే పిల్లలకు మనకంటే ఎక్కువ మేలు. అదే కారణానికి ఇంట్లో తల కప్పి ఉంచితే వేడి బయటికి పోయే దారి మూసినట్టవుతుంది. బయట టోపీ, గుమ్మం లోపలికి రాగానే తీసెయ్యాలి. నిద్రలో అసలు వద్దు, జారి ముక్కు మీదికి వస్తుంది. గడ్డం కింద తాళ్లు కట్టే టోపీ కంటే చెవులు కప్పే సాదా టోపీ మేలు.

ప్రశ్న: మూడేళ్ల పాపను రోజూ పొద్దున స్కూటర్ మీద స్కూలుకు తీసుకెళ్తాను, ముందు నిలబడుతుంది. రెండు స్వెట్టర్లు వేసినా వణుకుతోంది.
— ఉప్పల్

జవాబు: బండి మీద సమస్య చలి కంటే గాలిది. గాలి లేనప్పుడు 10 డిగ్రీలున్న పొద్దున, 40 కి.మీ. వేగంతో పోతుంటే ఒంటికి 6 డిగ్రీల్లా తగులుతుంది. అల్లిన స్వెట్టర్‌కు కంటికి కనిపించే సందులుంటాయి, ఒకటి వేసినా రెండు వేసినా గాలి దూసుకుపోతుంది. లోపలున్న వెచ్చటి గాలిని అది కొట్టుకుపోతుంది. మీకు కావాల్సింది రెండో స్వెట్టర్ కాదండి, గాలిని ఆపే ఒక పల్చటి నైలాన్ విండ్‌చీటర్. అది అన్నిటికంటే పైన ఉండాలి. లోపల బనియన్, టీషర్టు, ఒక్క స్వెట్టర్. బడి దగ్గర దిగగానే విండ్‌చీటర్ విప్పెయ్యండి, దాంట్లోంచి చెమట బయటికి పోదు.

తర్వాత సందులు చూడండి. లాగు అంచుకీ సాక్సుకీ మధ్య, చేతిమణికట్టు దగ్గర, కూర్చుంటే నడుం వెనక చొక్కా పైకి లేచే చోట, ఈ మూడు చోట్లా చర్మం బయటపడుతుంది. పొడుగు సాక్సులు వేసి లాగు అంచు వాటి మీదికి లాగండి. బనియన్ లోపలికి దోపండి. చేతులకు వేళ్లన్నీ కలిసి ఉండే గ్లోవ్స్ వెయ్యండి, వేళ్లు ఒకదానికొకటి వేడినిచ్చుకుంటాయి.

ఇప్పుడు బట్టలకంటే ముఖ్యమైన మాట. ముందు నిలబెట్టడం మానండి. ఎదురుగాలి అంతా పాపే కాస్తోంది, గట్టిగా బ్రేకు వేస్తే హ్యాండిల్‌కు కొట్టుకునేదీ పాపే. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహన నిబంధన ప్రకారం నాలుగేళ్ల లోపు పిల్లలను ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్లాలంటే పిల్లలను నడిపేవారికి కట్టి ఉంచే పట్టీలు, అంటే సేఫ్టీ హార్నెస్ ఉండాలి, 9 నెలలు దాటినవారికి తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం 40 కి.మీ. దాటకూడదు. హార్నెస్‌తో మీ వెనక కూర్చుంటే సగం గాలి మీ వీపే ఆపుతుంది. హార్నెస్ పట్టీలు బిగించేది విండ్‌చీటర్ వేశాక, వెయ్యకముందు కాదు. హెల్మెట్ కింద మంకీ క్యాప్ పెడితే హెల్మెట్ తల మీద కదులుతుంది, చలిగా ఉంటే పల్చటి కాటన్ కుల్లాయి పెట్టండి. శాలువా, స్కార్ఫు, చున్నీ పాపకు చుట్టి బండి ఎక్కించొద్దు. కొస ఊడి చక్రంలో పడితే మెడకు చుట్టుకుంటుంది.

ప్రశ్న: స్వెట్టర్ చూస్తేనే మా వాడికి ఏడుపు. చేతులు తొడిగేసరికి లోపలి చొక్కా చేతులు మోచేతి దాకా ముడుచుకుపోతాయి. చిట్కా ఉంటే చెప్పండి.
— దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తల మీదుగా వేసేవి మానండి. ముఖం కప్పుకుపోయే ఆ రెండు క్షణాలకే వాళ్ల ఏడుపు. ముందు తెరుచుకునేవే కొనండి. తొడిగేటప్పుడు మీ చేతిని స్వెట్టర్ చేతి చివర నుంచి లోపలికి దూర్చి భుజం వైపు బయటికి తియ్యండి. లోపలి టీషర్టు అంచును పిల్లాడి గుప్పిట్లో పట్టించి, ఆ గుప్పిటను మీరు పట్టుకుని లాక్కోండి. లోపలి చెయ్యి ముడుచుకోదు, వేళ్లు అల్లికలో ఇరుక్కోవు. జిప్పు వేసేటప్పుడు గడ్డం కింద మీ వేలు అడ్డం పెట్టండి. ఒక్కసారి చర్మం నొక్కుకుంటే ఆ స్వెట్టర్‌ను మళ్లీ దగ్గరికి రానివ్వరు.

వేశాక రెండు చేతులూ ముందుకు చాపి కౌగిలించుకోమనండి. చేతులు కలవకపోతే బట్టలు ఎక్కువైనట్టు, లేదా పైది చిన్నదైనట్టు. లోపలివి వయసుకు తగ్గ సైజు, పైది ఒక సైజు పెద్దది ఉండాలి. బిగుతుగా ఉంటే పొరల మధ్య గాలి నిలవదు, ఎన్ని వేసినా వెచ్చదనం రాదు. ఇంకోటి, టాయిలెట్ అలవాటు చేస్తున్న పిల్లలకు కింద థర్మల్, లెగ్గింగ్, ప్యాంటు మూడూ వేస్తే విప్పేలోపే తడిపేస్తారు. ఇక్కడి చలికి ఎలాస్టిక్ ఉన్న ఒక మందపాటి ప్యాంటు చాలు.

ప్రశ్న: ఏడాదిన్నర బాబు రాత్రి రగ్గు తన్నేస్తాడు. నేను గంటగంటకూ లేచి కప్పుతున్నా. దిండు కింద కర్పూరం మూట పెట్టమన్నారు, గదిలో బొగ్గుల కుంపటి పెట్టమన్నారు. పెట్టొచ్చా?
— మణికొండ

జవాబు: చివరి రెండూ పెట్టొద్దు. మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కర్పూరం కొంచెం మింగినా పిల్లలకు ఫిట్స్ రావచ్చు. ఏడాదిన్నర పిల్లాడు మూట విప్పి నోట్లో పెట్టుకోవడానికి నిమిషం పట్టదు. కర్పూరం ఉన్న బామ్‌లు కూడా రెండేళ్ల లోపు పిల్లలకు రాయకూడదు.

రగ్గు తన్నడం పిల్లల స్వభావం, దాన్ని మార్చలేం. కప్పే వెచ్చదనాన్ని తొడిగే వెచ్చదనంగా మార్చండి. కాటన్ ఫుల్ హ్యాండ్స్ నైట్‌సూట్, దాని మీద చేతుల్లేని పల్చటి స్వెట్టర్, సాక్సులు, అంతే. రగ్గు ఉన్నా లేకున్నా తెల్లవార్లూ నడుస్తుంది. స్లీప్ శాక్ కొంటే ఇంకా సుఖం. చేతులు బయటికి ఉండి ఛాతీ నుంచి పాదాల దాకా సంచిలా ఉంటుంది. దాని మందాన్ని టాగ్ అనే అంకెతో చెప్తారు. గది 20 నుంచి 24 డిగ్రీలుంటే 1 టాగ్, 16 నుంచి 20 ఉంటే 2.5 టాగ్ సరిపోతుంది. గోడకు ఒక చిన్న థర్మామీటర్ తగిలిస్తే ఊహించాల్సిన పని ఉండదు. కొనేటప్పుడు మెడ రంధ్రం చూడండి, తల అందులోంచి లోపలికి జారేంత వెడల్పు ఉండకూడదు. మంచం దిగి నడిచే పిల్లలకు పాదాలు బయటికొచ్చే రకం తీసుకోండి, లేకపోతే కాళ్లు చుట్టుకుని పడతారు.

ఏడాది దాటిన పిల్లలకు పల్చటి దుప్పటి ఛాతీ వరకు కప్పొచ్చు. ఏడాది లోపు పిల్లల పక్కలో మాత్రం వదులు దుప్పటి, బొంత, దిండు ఏవీ ఉండకూడదు, ముఖం మీద పడితే తోసేసుకోలేరు.

మన ఇళ్లలో చలికాలంలో కూడా దోమల కోసం ఫ్యాన్ వేస్తారు. ఒకవైపు ఫ్యాన్, ఇంకోవైపు రెండు రగ్గులు. దోమతెర కట్టి ఫ్యాన్ ఆపితే ఒక పొర బట్ట మిగులుతుంది. రూమ్ హీటర్ తప్పదనుకుంటే మంచానికి, తెరకు కనీసం మూడడుగుల దూరంలో పెట్టి, నిద్రపోయే ముందు ఆపెయ్యండి.

ప్రశ్న: రోడ్డు పక్కన కొన్న స్వెట్టర్ వేస్తే పాప మెడ, మోచేతుల మడతల్లో ఎర్రగా కందిపోతోంది. ఏ బట్ట మంచిది?
— మెహదీపట్నం

జవాబు: దుకాణాల్లో చవగ్గా దొరికే పిల్లల స్వెట్టర్లలో ఎక్కువ భాగం ఆక్రిలిక్ అనే కృత్రిమ దారంతో అల్లినవి. ఉన్నిలా కనిపిస్తుంది కానీ చెమట పీల్చదు. లోపల చెమట నిలిస్తే చలికాలంలోనూ చెమటకాయలు వస్తాయి. నిజమైన ఉన్ని చెమ్మను పీల్చుకుని కూడా వెచ్చగా ఉంటుంది, కానీ ముతక ఉన్ని నేరుగా చర్మానికి తగిలితే గీసుకుపోతుంది. ఫ్లీస్ అనే మెత్తటి నూగు బట్ట తేలిక, తొందరగా ఆరుతుంది, గాలిని ఆపదు. కాటన్ చర్మానికి మెత్తన, తడిస్తే ఆరడానికి చాలాసేపు పడుతుంది.

కాబట్టి ఇక్కడి చలికి చర్మానికి తగిలేది ఎప్పుడూ కాటన్. స్వెట్టర్ ఏదైనా కింద మెడ దాకా వచ్చే టీషర్టు ఉండాలి, టీషర్టు మెడ పట్టీని స్వెట్టర్ మీదికి మడవండి. మెడ దగ్గర కుట్టిన లేబుల్‌ను కుట్టు విప్పి తీసెయ్యండి, కత్తెరతో కోస్తే మొండి అంచు ఇంకా గుచ్చుతుంది. కొత్తది ఉతక్కుండా వెయ్యొద్దు. మోచేతి మడతల్లో కందడం ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు కూడా కావచ్చు. గోరువెచ్చటి నీళ్లతో ఐదు పది నిమిషాల్లో స్నానం ముగించి, తువ్వాలుతో అద్ది, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి, వేడినీళ్లు వద్దు. వారంలో తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి.

కొనేటప్పుడు గుండీలు గట్టిగా లాగి చూడండి. వదులుగా ఉన్న గుండీ, పూస, బొచ్చు బంతి రెండేళ్ల పిల్లల గొంతులో అడ్డుపడే సైజే. మెడ చుట్టూ తాడున్న హుడీ అయితే తాడు లాగి పారెయ్యండి, జారుడుబల్ల మీద తట్టుకుంటుంది.

ప్రశ్న: భోగి మంటల దగ్గరికి తెల్లవారుజామున రెండేళ్ల బాబును తీసుకెళ్లాలి. చలికి ఏం వెయ్యాలి?
— కూకట్‌పల్లి

జవాబు: ఈ ఒక్క పొద్దున మేం చెప్పిన వరస మారుతుంది. ఆక్రిలిక్ స్వెట్టర్, ఫ్లీస్, నైలాన్ విండ్‌చీటర్ మూడూ నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. పైపొరగా అసలు ఉన్ని స్వెట్టర్ ఉంటే అదే వెయ్యండి, ఉన్ని తేలిగ్గా అంటుకోదు. లేకపోతే ఒంటికి పట్టి ఉండే మందపాటి కాటన్ బట్టలు రెండు పొరలు. వేలాడే లంగా, చున్నీ, శాలువా వద్దు. ఎత్తుకుని పదడుగుల దూరంలో నిలబడండి, గాలి మీ వీపు నుంచి మంట వైపు వీచేలా చూసుకోండి. టైర్లు వేసి కాలుస్తుంటే ఇంటికి తీసుకొచ్చెయ్యండి, ఆ పొగ పిల్లల ఊపిరికి మంచిది కాదు.

నిప్పురవ్వ పడి కాలితే 20 నిమిషాల పాటు కుళాయి నీళ్ల ధార కింద ఉంచాలి. ఐస్, టూత్‌పేస్ట్, ఇంకు ఏదీ పూయొద్దు. అంటుకుపోయిన బట్టను లాగొద్దు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: జనవరిలో షికాగోలో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. మనవడికి మూడేళ్లు. మంచులో ఆడించాలని ముచ్చట. ఇక్కడి నుంచి ఏం కొనుక్కెళ్లాలి?
— నల్లకుంట

జవాబు: బట్టల కోసం ఇక్కడ డబ్బు పెట్టకండమ్మా. షికాగోలో జనవరి సగటు కనిష్ఠం సున్నాకు ఏడు డిగ్రీల దిగువన ఉంటుంది. ఇక్కడి స్వెట్టర్లు దానికి తూగవు. అక్కడే కొనండి.

అక్కడ మూడు పొరల లెక్క వేరు. లోపల కాటన్ పనికిరాదు, చెమటకు తడిసి ఆరదు, ఆ చలిలో తడి బట్ట ప్రమాదం. మెత్తటి మెరీనో ఉన్ని లేదా పాలియెస్టర్ థర్మల్ ఉండాలి. దాని మీద ఫ్లీస్. పైన నీళ్లు, గాలి దూరని స్నోసూట్. చేతులకు మిటెన్స్, అంటే వేళ్లన్నీ కలిసి ఉండే గ్లోవ్స్, వాటి కొసలు స్నోసూట్ చేతుల్లోపలికి పోవాలి, లేకపోతే మణికట్టు దగ్గర మంచు దూరుతుంది. కాళ్లకు ఒక జత ఉన్ని సాక్సులు, వేళ్లు కదిలేంత ఖాళీ ఉన్న వాటర్‌ప్రూఫ్ బూట్లు. మెడకు స్కార్ఫు బదులు తల మీదుగా వేసే గొట్టంలాంటి నెక్ వార్మర్. పావుగంటకోసారి లోపలికి తెచ్చి ముక్కు, బుగ్గలు, వేళ్లు చూడండి. ఎక్కడైనా పాలిపోయి మైనంలా, గట్టిగా ఉంటే రుద్దకూడదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో ఉంచి డాక్టర్‌కు ఫోన్ చెయ్యాలి. ఇంట్లో హీటర్ వేడి ఉంటుంది, రాగానే పై రెండు పొరలూ విప్పెయ్యండి.

ఇక కారు సంగతి, పెద్దవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఉబ్బు జాకెట్ వేసి కార్‌సీట్ బెల్టు పెట్టకూడదు. గుద్దుకున్నప్పుడు జాకెట్‌లోని గాలి ఒక్కసారిగా అణిగిపోయి బెల్టు వదులవుతుంది, పిల్లాడు జారి బయటికి వస్తాడు. నమ్మకం కలగకపోతే ఇంటి ముందే చూడండి. జాకెట్‌తో కూర్చోబెట్టి బెల్టు బిగించండి. బెల్టు సర్దుబాటు ముట్టుకోకుండా దింపి, జాకెట్ విప్పి మళ్లీ కూర్చోబెట్టి క్లిప్పు పెట్టండి. భుజం దగ్గర ఎంత పట్టీ మిగిలిందో అంత ప్రమాదం. ఫ్లీస్ మీదే బెల్టు బిగించి, మెడ ఎముక దగ్గర పట్టీని వేళ్ల మధ్య గిల్లడానికి రాకుండా చూసుకుని, జాకెట్‌ను వెనకా ముందూ తిప్పి చేతులకు తొడగండి, లేదా పైన దుప్పటి కప్పండి.

ప్రశ్న: జ్వరం వచ్చినప్పుడు బాగా కప్పితే చెమట పట్టి దిగుతుందంటారు. నిజమేనా?
— అంబర్‌పేట

జవాబు: కాదు. కప్పితే వేడి బయటికి పోక జ్వరం ఇంకా పెరుగుతుంది. వణుకుతున్నంతసేపు ఒక పల్చటి దుప్పటి కప్పండి, వణుకు ఆగగానే తీసి ఒక్క కాటన్ పొరతో ఉంచండి. తడిగుడ్డతో తుడిస్తే గోరువెచ్చటి నీళ్లే, చన్నీళ్లు వద్దు. మందు మోతాదు బరువును బట్టి డాక్టర్ చెప్పినంతే.

దగ్గు, జ్వరం ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి ఛాతీ చూడటం ప్రతి తల్లికీ తెలిసి ఉండాలి. పిల్లాడు ఏడవకుండా ఉన్నప్పుడు నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నిమిషానికి 40 లేదా ఎక్కువ ఉన్నా, రెండు నెలల నుంచి ఏడాది లోపు పసివాళ్లలో 50 లేదా ఎక్కువ ఉన్నా, ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతున్నా ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మందపాటి స్వెట్టర్ కింద ఈ గుంజుడు కనపడదు, అందుకే చొక్కా ఎత్తి చూడమంటున్నాం.

ప్రశ్న: పెద్దబాబు స్వెట్టర్లు ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచాను. ఇప్పుడు చిన్నబాబుకు వెయ్యొచ్చా?
— సికింద్రాబాద్

జవాబు: పెట్టెలోంచి తీసినవి తీసినట్టు వెయ్యొద్దు. కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ ఆవిరి బట్టలకు పడుతుంది, అక్కడి నుంచి చర్మం ద్వారా, ఊపిరి ద్వారా ఒంట్లోకి పోతుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో అది ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. ఆ లోపం మగపిల్లల్లో ఎక్కువ, చాలామందికి ఉన్న సంగతే తెలియదు. వేశాక బాబు పాలిపోయినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా బట్టలు విప్పేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, కలరా ఉండల సంగతి డాక్టర్‌కు చెప్పండి.

ముందు ఆరుబయట ఒకట్రెండు రోజులు గాలికి, ఎండకు ఆరేయండి. తర్వాత ఉతకండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా వాసన వస్తోందంటే మళ్లీ ఉతకాలి. ఉన్నివి గోరువెచ్చటి నీళ్లలో మెత్తటి సబ్బుతో పిసక్కుండా జాడించి, మెలిపెట్టి పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, మంచం మీద పరిచి ఆరబెట్టండి. తాడు మీద వేలాడదీస్తే నీటి బరువుకు సాగి, వచ్చే ఏటికి మోకాళ్ల దాకా వస్తాయి.

ఫిబ్రవరి చివర్లో దాచేటప్పుడు కలరా ఉండలు మానెయ్యండి. చిమ్మటలు తినేది ఉన్ని, పట్టు లాంటి జంతువుల నుంచి వచ్చే దారాలనే, అందులోనూ చెమట, పాలు, అన్నం మరకలు ఉన్న చోటే ముందు. ఉతికి, బాగా ఆరబెట్టి, మూతి బిగించిన ప్లాస్టిక్ సంచిలో పెడితే లోపలికి రావు. ఎండు వేపాకు వెయ్యాలనుకుంటే పల్చటి గుడ్డలో మూటగట్టి వెయ్యండి. లేబుల్ మీద ఆక్రిలిక్, పాలియెస్టర్ అని ఉన్నవాటిని చిమ్మటలు ముట్టవు, వాటిని ఉతికి మామూలుగా బీరువాలో పెట్టుకోవచ్చు.